ఏడు మార్కుల పొత్తు

నీలం చేపని ముందు వేయొద్దని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న తొట్టె దగ్గరికి వెళ్ళేసరికి నాలుగు చేపల్లో రెండు పైకి తేలి ఉన్నాయి. మూడోది పంపు గొట్టం వెనక నక్కింది, తోక సగం లేదు. నీలం చేప మాత్రం మధ్య రాయి కన్నం ముందు పహారా తిరుగుతోంది. నా చిటికెన వేలంత ఉండదది.

మందాకిని మేడం వచ్చారు. ముందు చేపల వంక చూడలేదు. యంత్రం వంక చూశారు.

"తొంభై వచ్చింది కదా కోర్లయ్యా! మిగతా మూడింటితోనూ దీనికి తొంభై వచ్చింది!"

"వచ్చింది."

"మరెందుకు చంపింది?"

"దానికి తెలీదు కదమ్మా, తొంభై వొచ్చిందని."

ఆవిడ నా వంక ఒక చూపు చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. నేను చచ్చిన చేపల్ని తీసి గుడ్డలో చుట్టాను.

ఆ యంత్రానికి మేడం పెట్టిన పేరు చాలా పొడుగు. ల్యాబులో అందరూ జత పెట్టె అంటాం. మిక్సీ అంత ఉంటుంది. చేపని శుభ్రమైన ఉప్పునీళ్ళ గ్లాసులో గంటసేపు ఉంచుతారు. దాని ఒంట్లో ఉన్న కోపమో బెదురో ఏదుంటే అది ఆ నీళ్ళలోకి దిగుతుందట. రెండు చేపల గ్లాసుల్లోంచి చెరో చెంచా నీళ్ళు తీసి పెట్టెలో పోస్తే అది కాసేపు గుర్రుమని, పైన ఒక అంకె చూపిస్తుంది. నూరుకి ఎంత దగ్గరుంటే ఆ రెండూ అంత సఖ్యంగా బతుకుతాయని. పదకొండేళ్ళు కష్టపడి కట్టారావిడ. నేను చదివింది మూడో తరగతి. నాకు కూడా ఆ అంకె చదవడం వచ్చు. దాంతో వచ్చిన తంటా అదే. ఎవరికైనా చదవడం వచ్చు.

నేను ముప్పై ఏళ్ళు రాళ్ళ దగ్గర ఊపిరి బిగబట్టి మునిగి, అద్దాల తొట్టెలవాళ్ళకి రంగు చేపలు పట్టినవాడిని. మునిగితే చెవుల్లో పోటొచ్చి ఆ పని మానేశాక మేడం ఇక్కడ తొట్టెలు చూసే పని ఇచ్చారు. చిన్న తొట్టె సంగతి నాకు తెలుసు. సముద్రంలో దెబ్బ తిన్న చేప పారిపోతుంది. మూడడుగుల అద్దంలో ఎక్కడికి పారిపోతుంది? ముందు దిగింది ఇల్లు నాదంటుంది. అందుకని మెత్తవాటిని ముందు వేయాలి, గడుసుదాన్ని ఆఖర్న వేయాలి. ఐనా కొట్టుకుంటే రాళ్ళన్నీ తీసి వేరే చోట పేర్చాలి. అప్పుడు అందరూ కొత్తవాళ్ళే అవుతారు, కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటారు. గ్లాసులో రాయి ఉండదు, కన్నం ఉండదు. ఏదీ లేనిచోట ఎవడైనా సాధువే. ఆ నీలం చేప గ్లాసులో సన్యాసిలా కూర్చుంది, తొంభై తెచ్చుకుంది.

ఇదంతా ఒకసారి మేడంతో అన్నాను. పుస్తకంలో "రాళ్ళు: తరవాత చూడాలి" అని రాసుకున్నారు. తరవాత చూడలేదు. పెట్టె చూపించే అంకెకి ఒక చుక్క పెట్టారు. అంతకు ముందు తొంభై అని చూపించేది, ఇప్పుడు తొంభై చుక్క నాలుగు అని చూపిస్తుంది. చుక్క తరవాతది నేను పట్టించుకోను.

ఇలాంటి పెట్టెని చేపల దగ్గరే ఉంచినా బాగుండేది.

మా పాతిరాళ్ళపేటని సముద్రం తినేస్తోంది. రెండు వరసల ఇళ్ళు పోయాయి. మిగతావాళ్ళందరినీ కొండ అవతల కట్టిన నాలుగంతస్తుల మేడల్లోకి మార్చాలని ప్రభుత్వం వాళ్ళు అన్నారు. అంతకు ముందు వేరే ఊరివాళ్ళని అలాగే మారిస్తే కుళాయిల దగ్గర, మెట్ల దగ్గర తలలు పగిలాయట. ఈసారి గొడవ పడనివాళ్ళని చూసి పక్కపక్కన పెడదామని ఆఫీసులో ఎవరికో తోచింది. జత పెట్టె సంగతి వాళ్ళ చెవిన పడింది.

"మనుషులకి పనికొస్తుందో లేదో ఇంకా చూడాలండీ," అన్నారు మేడం.

"పనికొస్తుంది," అన్నారు ల్యాబు డైరెక్టరు గారు. ఆయన చేపని కంచంలో తప్ప చూసింది లేదు.

మూడు నెలల్లో పెట్టెని నీళ్ళకి బదులు చెమటకి మార్చారు. మేడం గొణుగుతూనే మార్చారు. పదకొండేళ్ళలో ఆవిడ పెట్టె కావాలని ఎవరైనా అడగడం అదే మొదలు. ఆ మాటా చెప్పుకోవాలి.

పేటలో తుఫాను షెల్టరు దగ్గర బల్ల వేశారు. ఒక్కొక్కళ్ళ చేతికి దూది అంటించి, చెమట పట్టాక తీసి, సీసాలో వేసి పేరు రాయాలి. పరాయివాళ్ళకి మా వాళ్ళు చెయ్యి ఇవ్వరు. అందుకని దూది అంటించే పని నాకు పెట్టారు. తప్పు నేను చేసింది అక్కడే.

నా భార్య కాసులమ్మకి ఐదేళ్ళుగా చూపు లేదు. కంట్లో నరం ఎండిపోయింది, ఆపరేషనుకి లొంగదన్నారు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. అయినా చేపలమ్మడం మానలేదు. మొప్పలో వేలు పెట్టి ఏ పూట చేపో చెబుతుంది. తలమీద తట్ట, కుడిచేతి రెండు వేళ్ళు ముందు నడిచే ఎర్రమ్మ భుజం మీద. అలాగే బజారుకి వెళ్ళొస్తుంది. ఎర్రమ్మ చచ్చిపోయిన నా తమ్ముడి భార్య, మా పక్క గుడిసె. మాకూ వాళ్ళకీ పిల్లల్లేరు. తోడికోడళ్ళిద్దరూ నలభై ఏళ్ళుగా ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. కాసులమ్మ చూపు పోయాక ఎర్రమ్మ నోరు ఇంకా పెద్దదైంది.

ఆరోజు బజారునుంచి తిన్నగా వస్తున్నారు. షెల్టరుకి రావాలంటే పెద్ద రోడ్డు దాటాలి.

"ఒలప్పా, ఆగే! ఆగమంటే ఆగవేటి? ఆటో వొచ్చెస్తన్నాది, రోడ్డు నీ మొగుడు ఏసినాడేటి?"

"నువ్వలగ అరిస్తే నాకు ఆటో ఇనపడదే. నోరు ముయ్యి."

"నోరు మూసినానంటే ఇయ్యాల బస్సు కింద ఉందువు! ఎడం పక్కకి రా! ఎడం అంటే ఎటో మర్సిపోనావేటి?"

"తిన్నగా నడవడం నీకు సేతకాదు, నన్నంటావు."

దాటారు. ఇద్దరూ రొప్పుతున్నారు. ఎర్రమ్మ గుండె ఎగిరిపడుతోంది, ఒళ్ళంతా చెమట. నేను దూది అంటించాను. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, ఒక అరగంట ఆగి అంటించాల్సింది. వెనక రెండు వందలమంది వరసలో ఉన్నారు. అంటించేశాను.

పదిరోజులకి లిస్టు గోడకి అంటించారు. కాసులమ్మకీ ఎర్రమ్మకీ ఏడు వచ్చింది. నూటికి ఏడు. మాకు మొదటి మేడలో మూడో అంతస్తు. పక్కింట్లో ముగడ అప్పన్న, అతని భార్య సింహాలు. వాళ్ళతో మాకు తొంభై నాలుగు. ఎర్రమ్మకి ఆరో మేడ, కాలనీ ఆ చివర, మధ్యలో లారీలు తిరిగే రోడ్డు.

"ఏడా?" అని నవ్వింది కాసులమ్మ. "పోన్లే, ఈపాలికైనా నా సెవులకి సుకం."

"నాకూ సుకమేలే," అంది ఎర్రమ్మ.

ఆరోజు సాయంత్రం దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. నలభై ఏళ్ళలో నేనది చూడలేదు. పేట అంతా ఖాళీ అయినట్టనిపించింది.

మర్నాడు మేడం దగ్గరికి వెళ్ళాను.

"ఆ ఏడు తప్పమ్మా."

"ఎందుకు తప్పు?"

నాకు చెప్పడం రాలేదు. రోడ్డు దాటడం, ఆటో, ఎడం పక్క... ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. "తప్పంతే," అన్నాను.

"కోర్లయ్యా, అది ఉన్నదున్నట్టు చెబుతుంది. మనకి నచ్చకపోతే అది చేసేదేముంది?" అని, దాచిన సీసాలు తీసి మళ్ళీ నా ముందే వేశారు. గుర్రుమంది. ఏడు. "చూశారా?"

చూశాను. ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, నా నోటి మీద.

నోటితో కానిది చేత్తో చేద్దామని ఆ మర్నాడు ఆటుకి నీళ్ళు దిగినప్పుడు రాళ్ళ అవతలికి నడిచాను. మోకాలి లోతు నీళ్ళలో ఇసక తవ్వి, ఒక రొయ్యనీ ఒక చేపనీ క్యానులో తెచ్చాను. రొయ్యకి ఒక గోరు పెద్దది, దాంతో టప్‌మని కొడుతుంది. మేం టప్పు రొయ్య అంటాం. చేప మట్టిరంగుది, గోబీ అంటారు తొట్టెలవాళ్ళు. అందానికి రెండూ దండగే.

మేడం చెరో గ్లాసులో పెట్టి గంట చూసి నీళ్ళు తీశారు. తొమ్మిది వచ్చింది.

"ఈ రెండూ కలిపి వద్దు. చేప నీళ్ళు చూడండి, ఎంత ఘాటుగా ఉన్నాయో. ఒకటి రెండోదాన్ని బతకనివ్వదు."

"వేసి చూద్దాం."

"తొమ్మిది కోర్లయ్యా! తొంభై కాదు, తొమ్మిది!"

"తొంభై కూడా చూశాం కదమ్మా."

ఆవిడకి కోపం వచ్చింది. కానీ నీలం చేప ఒక్కటే మిగిలిన తొట్టె ఎదురుగానే ఉంది, ఏమనగలరు? నేను నీలం చేపని తీసి వేరే డబ్బాలో పెట్టాను. రాళ్ళన్నీ ఎత్తి వేరేగా పేర్చాను. అడుగున ఇసక మందంగా పోశాను. అప్పుడు రెండింటినీ వదిలాను.

రొయ్య రాతి కింద తవ్వడం మొదలుపెట్టింది. గోళ్ళతో ఇసక తోసుకుంటూ బయటికి రావడం, పారబోయడం, లోపలికి పోవడం. చేప వెళ్ళి ఆ కన్నం వాకిట్లో నిలబడింది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా దాని మీసం ఒకటి చేప తోక మీద ఆన్చే ఉంది. తియ్యలేదు.

మేడం కుర్చీ లాక్కున్నారు. గంట గడిచింది. టీ చల్లారింది. అద్దం మీద వేలితో కొట్టారు. చేప తోక ఒక్కసారి వణికింది. అంతే, రొయ్య లోపలికి పోయింది, దాని వెనకే చేప. కాసేపటికి చేప తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. మళ్ళీ మీసం వచ్చి తోక మీద ఆనింది.

"ఈ రొయ్యకి కళ్ళు లేవా?"

"ఉన్నాయి. ఆనవు."

"ఈ చేపకి ఎప్పుడూ ఇంత బెదురేనా?"

"కాపలా కదమ్మా. బెదురు లేకపోతే అదేం కాపలా?"

ఆవిడ సిరంజితో కన్నం దగ్గరి నీళ్ళే తీసి పెట్టెలో పోశారు. తొమ్మిది. ఇంకోసారి పోశారు. తొమ్మిదే. వాకిట్లో రొయ్య ఇసక పారబోస్తూనే ఉంది, చేప కదలకుండా నిలబడే ఉంది. మేడం పెట్టె ఆపేశారు.

"ఇన్నేళ్ళూ నేను కొలిచింది బెదురునే," అన్నారు. "దానికి పగ అని పేరు పెట్టింది నేను. ఎవరిని చూసి బెదురో, ఎవరికోసం బెదురో పెట్టెకెలా తెలుస్తుంది?"

అప్పుడు చెప్పాను, రోడ్డు సంగతి, ఆటో సంగతి. ఈసారి మాట వచ్చింది. విని తల పట్టుకున్నారు.

"లిస్టు మార్చండమ్మా," అన్నాను.

ఫోన్ చేశారు. ఆఫీసువాళ్ళు లిస్టు కంప్యూటర్లోకి ఎక్కిపోయిందన్నారు. మార్చాలంటే ఆ ఇద్దరికీ అరవై దాటి రావాలట. ఆ లిస్టు మీ పెట్టెతోనే కదా వేసింది అన్నారట. డైరెక్టరు గారికి చేశారు. ఆయన గొంతు నాదాకా వినపడింది. "మీ యంత్రం మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా?" మేడం ఫోన్ పెట్టేశారు. ఉప్పునీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని మంచినీళ్ళనుకుని తాగబోతే నేను లాక్కున్నాను.

కొత్త మేడల్లోకి మారిపోయాం.

సింహాలు మంచి మనిషి. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. గట్టిగా మాట్లాడదు. కాసులమ్మ గోడ తడుముకుంటూ వస్తుంటే పక్కకి తప్పుకుని దారి ఇస్తుంది, చప్పుడు కూడా కానివ్వదు. తొంభై నాలుగుకి తగ్గ మనిషి. ఆ మేడలో అందరూ అంతే. కుళాయి దగ్గర గొడవ లేదు. ఆఫీసువాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారు.

కాసులమ్మ బజారుకి వెళ్ళడం మానేసింది. గుమ్మంలో కూర్చునేది. చేపల తట్ట మంచం కిందికి పోయింది. అన్నం రెండు ముద్దలు కెలికి వదిలేసేది.

"ఏటయినాది?" అని అడిగాను.

"ఏటీ ఇనపడదిక్కడ," అంది.

పదిహేడో రోజు నేను ల్యాబులో ఉండగా కబురు వచ్చింది. కాసులమ్మ కిందికి దిగబోయింది. మెట్ల మలుపులో ఎవరో నేల తుడిచిన బకెట్టు వదిలారు. ఆరు మెట్లు దొర్లింది. చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, నుదురు చిట్లింది. ఆసుపత్రిలో కట్టు కట్టించి ఇంటికి తెచ్చేసరికి సింహాలు మా గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

"నాను సూస్తానే ఉన్నాను బావా. బకెట్టుందని ఆ అప్పకి తెలుసనుకున్నాను. అరిస్తే ఏటనుకుంటాదో అని అరవనేదు."

ఆ మనిషినేమంటాను? ఎవరినేమన్నా ఏం లాభం?

సాయంత్రం రోడ్డు మీదనుంచి ఒక అరుపు మూడో అంతస్తుదాకా వచ్చింది.

"ఏ ఎదవ ఎట్టినాడ్రా బకెట్టు? ఒలప్పా! సచ్చినావేటి, బతికున్నావేటి? సచ్చుంటే సెప్పు, ఇన్ని మెట్లు ఎక్కలేను!"

కాసులమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పదిహేడు రోజుల్లో ఆ మొహం అలా ఉండగా చూడలేదు నేను.

"వొచ్చిందా కుళ్ళునోరు," అంది. అని, "అన్నం ఉందేటి?" అంది నాతో.

ఎర్రమ్మ చంకలో దిండు ఉంది, చేతిలో గిన్నెల మూట ఉంది. ఉంటావా అని నేను అడగలేదు. ఉంటానని ఆవిడా చెప్పలేదు. గిన్నెలు మా గిన్నెల పక్కన బోర్లించింది.

నాలుగో రోజుకల్లా ఆఫీసునుంచి ఒకతను పలకలాంటి ఫోను పట్టుకుని వచ్చాడు. అరవైకి తక్కువ వచ్చినవాళ్ళు ఒక కప్పు కింద ఉండకూడదు, రూలు అలా ఉంది, వారంలో విడిపోకపోతే రెండిళ్ళూ రద్దు చేస్తామన్నాడు. రద్దయితే ఎక్కడికి పోతాం? పేటలో మా గుడిసె ఉన్నచోట ఇప్పుడు అల ఉంది.

"మేడంతో మాటాడండి," అన్నాను. ఇంకేమనాలి?

మర్నాడు మేడం తనే వచ్చారు, జత పెట్టె మోయించుకుని. ఆఫీసతను కూడా వచ్చాడు. మా ఇంటి నడుమ పెట్టె పెట్టి, తోడికోడళ్ళిద్దరికీ ఆవిడే దూది అంటించారు. ఈసారి మంచినీళ్ళిచ్చి, అరగంట కూర్చోబెట్టి మరీ అంటించారు. ఆ అరగంటా ఎర్రమ్మ కాసులమ్మ కట్టు చూసి తిడుతూనే ఉంది. చెయ్యి ఎత్తి పెట్టుకోమంటే వినవు, కట్టు తడుపుతావు, నీకు బుద్ధెప్పుడొస్తాదని.

పెట్టె గుర్రుమంది. ఏడు.

"చూశారా మేడం?" అన్నాడు ఆఫీసతను. "మీ యంత్రమే చెబుతోంది."

"చెబుతోంది. సరిగ్గానే చెబుతోంది," అన్నారు మేడం. సంచీలోంచి కాగితం తీశారు. "దాన్నేం అడగాలో మనకి తెలీలేదు. ఈ పెట్టె మనుషులకి ఇళ్ళు పంచడానికి పనికిరాదని, దీంతో వేసిన లిస్టు చెల్లదని రాసిస్తున్నాను. కట్టినదాన్ని నేనే రాస్తే కాదనడానికి ఉండదు కదా?"

"అలా రాస్తే మీ ప్రాజెక్టు ఏమవుతుందండీ?"

"ఆగిపోతుంది."

పదకొండేళ్ళు. మా నట్టింట్లో చాప మీద కూర్చుని ఆవిడ కాగితం సగం రాసి ఆగారు.

"కోర్లయ్యా, లిస్టు చెల్లకపోతే మరి ఏం చేయాలని రాయను?"

"రాళ్ళు జరపాలని రాయండి."

ఆవిడ నా వంక చూసి, చాలా రోజుల తరవాత నవ్వారు. ఎవరి పక్కన ఎవరుంటారో వాళ్ళనే అడిగి మళ్ళీ పంచాలని రాసి, సంతకం పెట్టారు.

పంచడానికి ఇంకా చాలా రోజులు పట్టింది, బోలెడు గొడవలయ్యాయి. అవి వేరే సంగతి. ఎర్రమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది, సింహాలువాళ్ళు మా పక్కనే ఉంటామన్నారు. ఇప్పుడా అమ్మాయి కూడా కొంచెం అరవడం నేర్చుకుంటోంది. జత పెట్టె ల్యాబులో అలమర మీద ఉంది, దానిమీద నేను చేపల మేత డబ్బా పెట్టుకుంటాను. మేడం వేరే పనిలో పడ్డారు, రాళ్ళ సంగతి. రోజూ నన్నేదో అడుగుతారు. రోజుకి ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతానన్నాను. చిన్న తొట్టెలో టప్పు రొయ్యా, గోబీ ఇంకా ఉన్నాయి. వాటి తరవాత రెండు మెత్తని చేపల్ని వేశాం. అందరికన్నా ఆఖర్న నీలం చేపని వేశాం. ఇప్పటికైతే బుద్ధిగానే ఉంది.

కాసులమ్మ కట్టు నిన్న విప్పారు. ఈ పొద్దున్న మంచం కింద తట్ట బయటికి వచ్చింది. ఇద్దరూ బజారుకి బయల్దేరారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"మెట్టుందే అప్పా! మెట్టు! ఇంకోటుంది! గోడ పట్టుకోవే! నీకు సెప్పి సెప్పి నా పేనం పోతన్నాది!"

"తెలుసులేవే. నాకు తెల్దేటి?"

తెలుసంటూనే ఉంది. రెండు వేళ్ళు మాత్రం ఎర్రమ్మ భుజం మీంచి తియ్యలేదు.